ఒకే బూజు అన్ని పురుగులనూ చంపదు

సంపాదకులకు,

గత వారం మీ వ్యవసాయ పేజీలో ‘ఒక్క బూజుతో అన్ని పురుగులకూ చెక్’ అని పెద్ద అక్షరాలతో వేశారు. తెలిసినవాళ్లెవరైనా సవరణ రాస్తారని నాలుగు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

జీవ మందులుగా చల్లే బవేరియా, మెటారైజియం అనే బూజుల పొడుల్లో ఉండేది విషం కాదు, ప్రాణమున్న బూజు బీజాలు. పురుగు వాటిని తినక్కర్లేదు. ఒంటికి అంటుకున్న బీజం మొలకెత్తి, పైతొడుగును కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. ఒక్కో మెట్టులో ఒక్కో జన్యువుల గుంపు పనిలోకి వస్తుంది. మెటారైజియంలో అంటుకోవడానికి మ్యాడ్1 అనే ప్రోటీన్, తొడుగును కోయడానికి పీఆర్1 ఎంజైములు ఉంటాయి. రక్తంలోకి చేరాక ఎంసీఎల్1 అనే ప్రోటీన్‌ను ముసుగులా కప్పుకుని పురుగు రక్షణకణాల కళ్లు కప్పుతుంది. రక్తం తగిలిన 20 నిమిషాల్లోనే ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు మేలుకుంటుందని 2006లో వెలువడిన పరిశోధన చూపింది. అదే బూజు మొక్క వేరును పట్టుకోవాలంటే మ్యాడ్2 అనే వేరే ప్రోటీన్ వాడుతుంది. ఇంత నేర్పున్న జీవిని మీ వ్యాసం ‘చల్లితే చాలు’ అని ఒక్క మాటలో తేల్చేసింది.

అసలు విషయం పురుగు పైతొడుగులో ఉంది. పురుగు మారితే దాని మీది మైనం, కొవ్వులు మారతాయి. బూజు వాటిని పసిగట్టి దానికి తగ్గ జన్యువులను పనిలో పెట్టాలి. మెటారైజియం రాబర్ట్‌సీకి ఆ వెసులుబాటు ఎక్కువ కాబట్టే అది వందల రకాల పురుగులకు సోకుతుంది. దాని దగ్గరి చుట్టం మెటారైజియం ఆక్రిడమ్ మాత్రం మిడతల జాతిని దాటి పెద్దగా పోదు. 2011లోనే ఈ రెండింటి జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి పోల్చారు. మిడతల బూజును గొంగళిపురుగు మీద చల్లి ‘జీవ మందులు పనిచేయవు’ అని రైతు విసుక్కుంటే ఆ తప్పు ఎవరిది?

ఇంకొకటి. పట్టుపురుగులు తెల్లగా సుద్దలా గట్టిపడి చచ్చే తెగులుకు బూజే కారణమని 1835లో ఇటలీ శాస్త్రవేత్త అగొస్తీనో బస్సీ నిరూపించాడు. ఆ బూజే నేటి బవేరియా. పట్టుపురుగులు పెంచేవాళ్ల పక్క పొలంలో దీన్ని చల్లవచ్చా అన్న ఒక్క వాక్యానికి మీ పేజీలో చోటు దొరకలేదు. ఈ మాట రాస్తుంటే నాకు కోపం ఆగడం లేదు.

అధికారుల సంగతీ చెప్పాలి. ఎన్ని ప్యాకెట్లు పంచారన్న లెక్క వాళ్ల దగ్గర ఉంటుంది. అందులో ఏ రకం బూజుంది, ఏ పురుగు మీద పరీక్షించారు, బీజాలు ఇంకా బతికి ఉన్నాయా అని అడిగితే ముఖం చిట్లిస్తారు. ఎండకు కాగిన గోదాముల్లో నెలల తరబడి పడున్న పొడిలో మిగిలేవి చచ్చిన బీజాలు. పురుగు ముఖం చూపించకుండా తరం తర్వాత తరం కృత్రిమ ఆహారం మీదే పెంచితే బూజుకు చంపే వాడి తగ్గిపోతుందని తయారీదారులకూ తెలుసు. అడిగేవాడు లేడు. ఒకప్పుడు పత్రికలు అడిగేవి. ఇప్పుడు కంపెనీ పంపిన కాగితాన్ని యథాతథంగా అచ్చువేసి వ్యాసం అంటున్నారు.

అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. ఏ బూజు ఏ పురుగుకో తెలిసిన కీటక శాస్త్రవేత్త చేత రాయించండి.

— మీ పాత చందాదారు, విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు