మాఘంలో అమ్మిన కంపోస్టు సంచులు, ఉగాదికి వేసుకునే పాదులు

జనవరి 25 నుంచి ఫిబ్రవరి 15 లోపు మా నర్సరీలో కంపోస్టు సంచి కొన్నవాళ్లందరికీ ముందుగా ఒక విషయం చెప్పాలి. ఆ సంచుల్లో ఉన్నది పూర్తిగా మాగని కంపోస్టు. తప్పు మాదే. అందులో నాటిన వంగ నారు, మిరప నారు పసుపెక్కిపోతే మీరు నీళ్లు ఎక్కువ పోశారని అనుకోకండి.

మొదట ఫోన్లు వచ్చినప్పుడు నేనూ ఆ మాటే చెప్పాను. ఇద్దరితో "నీళ్లు తగ్గించి చూడండమ్మా" అన్నాను. వాళ్లిద్దరికీ మళ్లీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. అసలు సంగతి నాకు తెలిసింది ఒక మాస్టారి వల్ల. శ్రీకాకుళం టౌన్‌లోనే ఉంటారు, మూడేళ్లుగా మా దగ్గరే నారు తీసుకుంటున్నారు. సగం వాడిన సంచి స్కూటర్ మీద పెట్టుకుని వచ్చారు. కోప్పడలేదు. సంచి మూతి విప్పి, "చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నారు. మణికట్టు దాకా పెట్టాను. గోరువెచ్చగా తగిలింది. గుప్పెడు పైకి తీసి వాసన చూస్తే మట్టి వాసన లేదు. పులిసిన వాసన, దాని వెనకాల ముక్కుకి గుచ్చుకునే ఘాటు. వేళ్ల మధ్య కొబ్బరి పీచు పోగులు ఇంకా పీచుగానే ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు.

ఎందుకిలా అయిందో చెబుతాను. ఆ కుప్ప వేసింది నవంబరు చివర్లో. గత్తం (పేడ ఎరువు), వరిగడ్డి, పచ్చాకు పొరలుగా వేసి 15 రోజులకోసారి తిరగేస్తాం, 90 రోజులు ఆగుతాం. ఈసారి వరి కోతలు, నూర్పిళ్లకి మనుషులందరూ కళ్లాల్లోకి వెళ్లిపోయారు. కుప్పని తిరగేసింది ఒక్కసారే. దానికి తోడు కొబ్బరి తోటలుండే ఉద్దానం వైపు నుంచి కొబ్బరి పొట్టు చవగ్గా దొరికిందని గడ్డి తగ్గించి పొట్టు ఎక్కువ వేశాం. కుప్ప చక్కగా ఉడకాలంటే మొదట్లో నత్రజని ఒక పాలుకి కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలి. కొబ్బరి పొట్టులో అది 100 పాళ్లు దాటుతుంది, పైగా అందులో పీచుని గట్టిగా ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అంత తొందరగా కుళ్లదు. పొట్టు మంచిదే, నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది. కానీ దానికి తగినంత గత్తం, తగినంత కాలం ఇవ్వాలి. నేను రెండూ ఇవ్వలేదు. సంక్రాంతి తర్వాత ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చేసరికి 60 రోజులకే జల్లెడ పట్టి సంచులు కట్టించేశాను. మాకు గత్తం తోలే పెద్దమ్మ అప్పుడే కుప్ప చూసి, "ఇంకా మాగనేదమ్మా, ఇప్పుడే ఎత్తేస్తన్నావేటి?" అంది. ఆవిడ మాట వినాల్సింది.

మాగని కంపోస్టు మట్టిలో కలిపితే ఏమవుతుందంటే, మిగిలిన పీచుని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ పని కోసం మట్టిలో ఉన్న నత్రజనిని తామే వాడేసుకుంటాయి. మొక్కకి మిగలదు. అందుకే కింది ఆకులు ముందు పాలిపోతాయి. సంచిలో కట్టేసి ఉంచినది గాలి ఆడక పులిస్తే, ఆ ఆమ్లాలకి లేత వేళ్లు కూడా దెబ్బ తింటాయి.

ఆ సంచి మీ దగ్గర ఇంకా ఉంటే పారేయకండి. నీడలో ఒక మూల కుప్పగా పోసి, పేడ నీళ్లు చల్లి, తడి గోనె కప్పండి. వారానికోసారి తిరగేస్తుంటే నాలుగైదు వారాలకి చల్లబడి, నల్లగా పొడిపొడిగా అవుతుంది. అప్పుడు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇప్పటికే కలిపేసి నారు నాటినవాళ్లు మొక్కలు పీకకండి. 100 గ్రాముల వేరుశనగ చెక్క లీటరు నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, ఆ తేటకి పదింతలు నీళ్లు కలిపి వారానికోసారి మొక్కల మొదళ్లలో పోయండి. మాస్టారి వంగ మొక్కలకి ఇదే చేశాం, రెండు వారాలకి కొత్త చిగురు పచ్చగా వచ్చింది. చనిపోయిన మొక్కలకి బదులు నారు ఊరికే ఇస్తాను. సంచికి బదులు సంచి ఇస్తాను, డబ్బులే కావాలంటే డబ్బులు ఇస్తాను. బిల్లు అక్కర్లేదు, మాట చాలు.

ఇక ఇప్పుడు వేసుకోవాల్సినవాటి సంగతి. అరసవల్లి రథసప్తమి వెళ్లిందంటే మన వైపు ఎండకి బలం వస్తుంది. ఇప్పటి నుంచి ఉగాది దాకా తీగ పాదులకి మంచి అదను. ఆనప (సొర), బీర, కాకర, దోస వేసుకోండి. గింజలు రాత్రి నానబెట్టి, పాదుకి మూడేసి, వేలి కణుపంత లోతులో పెట్టండి. మొలిచాక బలమైనది ఒకటో రెండో ఉంచితే చాలు. కాకర గింజ పెంకు మందం కాబట్టి మొలవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, తొందరపడి తవ్వి చూడకండి. మేడ మీద కుండీల్లో అయితే ఆనపకి అడుగున్నర వెడల్పు, అంతే లోతు ఉండాలి. చిన్న బ్యాగులో పెడితే తీగ పాకుతుంది గానీ కాయ నిలవదు. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బచ్చలి ఎండని తట్టుకుంటాయి. బెండకి మాత్రం ఆకుల ఈనెలు పసుపెక్కే తెగులుంది, దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. అందుకే మేము అర్క అనామిక గింజలే ఇస్తున్నాం, ఆ తెగులుని తట్టుకునేలా బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన రకం ఇది.

టమాటా నారు అడుగుతున్నారు. ఈ నెల నుంచి అమ్మడం ఆపేశాను. నాటితే మొక్క పెరుగుతుంది, పూత కూడా వస్తుంది. కానీ పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత రాలిపోతుంది. మీకు కాయ దక్కదని తెలిసి నారు అమ్మలేను.

ఆనప పాదు గురించి ప్రతి ఏడాదీ వచ్చే ఫిర్యాదు ఒకటుంది: "పూలు విరగబూస్తున్నాయి, పిందెలు వాడి రాలిపోతున్నాయి." ఆనపకి మగపూలు, ఆడపూలు వేరు. ఆడపువ్వు కింద వేలంత పిందె ముందే ఉంటుంది, మగపువ్వుకి ఉత్త కాడే. ఈ తెల్లపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. టౌన్‌లో మేడల మీదకి ఆ వేళప్పుడు వచ్చే పురుగులు తక్కువ. దీపాలు పెట్టే వేళకి పైకి వెళ్లి, ఒక మగపువ్వు తెంపి, రెక్కలు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. నాలుగైదు రోజుల్లో పిందె తల కిందికి వంచి లావెక్కుతుంటే పని జరిగినట్టే. బీర కూడా సాయంత్రమే పూస్తుంది. దోసకి మాత్రం పొద్దున్నే రాయాలి.

ఇంట్లోనే కంపోస్టు చేసుకునేవాళ్లకి ఏడాదిలో అన్నిటికంటే మంచి సమయం ఇదే, ఎందుకంటే ఇది ఆకు రాలే కాలం. మా వీధిలో బాదం చెట్టు ఆకులన్నీ ఎర్రబడి రోజుకో తట్టెడు రాలుతున్నాయి. వాటిని ఊడ్చి తగలబెడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వేప, కానుగ, బాదం, ఏ ఆకైనా నాలుగు గోనెసంచుల్లో కుక్కి దాచుకోండి. ఒక బకెట్ కూరగాయ తొక్కకి రెండు బకెట్ల ఎండాకు చొప్పున వేస్తే డబ్బా వాసన రాదు. బాదం ఆకు మందం కాబట్టి నలిపి వేయండి. డబ్బాకి కిందా పక్కలా రంధ్రాలు ఉండాలి. లోపలి సరుకు పిడికిట పడితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. తెల్ల పురుగులు కనిపిస్తే భయపడి పారబోయకండి, తడి ఎక్కువైందని అర్థం, ఇంకో రెండు గుప్పెళ్ల ఎండాకు కలపండి. పలాస నుంచి ఒకరు జీడిగింజల పెంకు వేయొచ్చా అని అడిగారు. వద్దు. ఆ పెంకులో నూనె ఒంటికి తగిలితే పొక్కుతుంది.

మీరు చేసుకున్నదైనా, మా దగ్గర కొన్నదైనా, మొక్కకి పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. రెండు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో ఉత్త మట్టి, రెండోదాంట్లో మట్టి, కంపోస్టు సగం సగం పోసి, చెరో పది మెంతులు చల్లి తడపండి. వారానికి రెండిట్లోనూ ఒకేలా మొలిచి పచ్చగా నిలబడితే కంపోస్టు మాగినట్టు. కంపోస్టు గ్లాసులో మొలకలు తక్కువైనా, పాలిపోయినా ఇంకో మూడు వారాలు ఆగండి. ఇకనుంచి ప్రతి కుప్పకీ ఈ పరీక్ష చేయకుండా సంచి కట్టం. కుప్పలో గుచ్చే థర్మామీటరు కూడా కొన్నాను. తిరగేసిన తర్వాత మళ్లీ వేడెక్కే కుప్ప అయితే అమ్మకానికి రాదు.

దీనివల్ల ధర కొంచెం పెరుగుతోంది. 90 రోజులకి ముందు ముట్టుకోకూడదంటే ఒకేసారి మూడు కుప్పలకి స్థలం కావాలి, తిరగేసే మనుషులకి కోతల రోజుల్లో కూడా సరిపడా కూలి ఇవ్వాలి. 20 కిలోల సంచి ఇప్పటిదాకా 240 రూపాయలు, ఇక 270. మాగని సంచి తీసుకున్నవాళ్లకి ఈ ఏడాదంతా పాత ధరే. గోనెసంచి వెనక్కి తెస్తే పది రూపాయలు తగ్గిస్తాను.

డిసెంబరు రెండో వారంలో వేసిన కుప్ప ఇప్పుడు చివరి దశలో ఉంది. అందులో పొట్టు తక్కువ, గత్తం ఎక్కువ, నాలుగుసార్లు తిరగేశాం. పెద్దమ్మ నిన్న వచ్చి చేత్తో నలిపి చూసి, "ఇంకొక పది రోజులుంచమ్మా" అంది, ఉంచుతున్నాను. మెంతులు ఈ సోమవారం చల్లుతాను. సరిగ్గా మొలిస్తే ఉగాదికి రెండు రోజుల ముందు నుంచి సంచులు ఇస్తాం. మొలవకపోతే ఉగాది దాటాకే ఇస్తాం, పేరు రాయించుకున్నవాళ్లకి నేనే ఫోన్ చేసి చెబుతాను.