ఆ మైనపు బిళ్ల రోగి వెంటే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగిళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలియగానే మొదట వినబడే మాట "ఇంకేముంది, ఇంటికి తీసుకుపోండి" అని. పాతికేళ్ల కిందట ఆ మాటలో కొంత నిజం ఉండేది. ఇవాళ లేదు. అయితే ఇవాళ్టి వైద్యం అందాలంటే రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్క చెడకుండా, పోకుండా సరైన పరీక్షకు చేరాలి. మన సరిహద్దు జిల్లాల్లో ఎక్కువగా తప్పు జరిగేది అక్కడే. అందుకే ఈ ఉత్తరం.

ముక్క తియ్యడానికంటే ముందు జరిగే ఆలస్యం ఒకటుంది. దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో నెత్తుటి చార, ఎక్స్‌రేలో మచ్చ. టీబీకీ ఇవే గుర్తులు, క్యాన్సర్‌కీ ఇవే. టీబీ ఎక్కువున్న ఊళ్లలో డాక్టరు ముందు దాన్నే అనుమానించడం న్యాయమే. కళ్లెలో టీబీ క్రిమిని వెతికే ట్రూనాట్‌లోనో సీబీనాట్‌లోనో క్రిమి బయటపడితే మందులు మొదలుపెట్టాలి. క్రిమి దొరక్కుండా ఎక్స్‌రే చూసి మాత్రమే మొదలుపెట్టిన మందుల విషయంలోనే కళ్లు తెరుచుకుని ఉండాలి. నాలుగు మందుల మాత్ర వేసుకునే తొలి రెండు నెలల్లో ఆకలి పుట్టాలి, బరువు కాస్తయినా పెరగాలి, మచ్చ తగ్గాలి. ఇవేవీ జరగనప్పుడు "ఆరు నెలల కోర్సు పూర్తయ్యాక చూద్దాం" అనుకోవడం రోగికి చేటు. గొంతు బొంగురుపోయినా, ముఖమూ మెడా ఉబ్బినా, వేళ్ల చివర్లు గుండ్రంగా లావెక్కినా, నొప్పి భుజంలోంచి చేతిలోకి దిగుతున్నా ఆ రెండు నెలలు కూడా ఆగక్కర్లేదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకుని, రంగు మందు ఎక్కించి సీటీ తియ్యాలి. ఛాతీతోపాటు పొట్ట పైభాగం కూడా కలిపి తియ్యమని అడగాలి. కాలేయానికీ మూత్రపిండాల మీది గ్రంథులకూ జబ్బు పాకిందో లేదో అందులోనే తేలుతుంది.

చుట్ట, బీడీ ముట్టని ఆడవాళ్లకు ఈ జబ్బు రాదనుకోవద్దు. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు కూర్చున్నవాళ్లకూ వస్తుంది. ఒక రకంగా వాళ్లకే ఆశ ఎక్కువ. ఎందుకో కింద చెబుతాం.

ముక్క సంగతికి వస్తే, సన్నసూదితో కణాలు లాగే ఎఫ్‌ఎన్‌ఏసీ "క్యాన్సరే" అని చెప్పగలదేమో గాని, తర్వాతి పరీక్షలకు చాలా సార్లు సరిపోదు. సీటీ చూస్తూ లావు సూదితో నాలుగైదు పోగులు తీసే బయాప్సీ కావాలి. తీసిన వెంటనే పోగులు పది శాతం ఫార్మలిన్‌లో పడాలి. మార్కెట్లో దొరికే చిక్కటి ఫార్మలిన్ ఒక వంతు, నీరు తొమ్మిది వంతులు, అందులో బఫర్ లవణాలు కలిపితే అది తయారవుతుంది. ముక్క ఎంతుంటే ద్రవం దానికి పది రెట్లు ఉండాలి, సీసా మూతి వెడల్పుగా ఉండాలి. ఫార్మలిన్ లేదని సెలైన్‌లో వేసి పంపిస్తే దారిలోనే కుళ్లిపోతుంది. నీళ్లు కలపని ఫార్మలిన్‌లో వేస్తే పైన గట్టిపడి లోపల పాడవుతుంది. ఆరు గంటలకు తక్కువ నానినా, మూడు రోజులకు మించి నానినా ఏ మందు పనిచేస్తుందో చెప్పే జన్యు పరీక్షకు ఇబ్బందే. శనివారం తీసిన ముక్క మంగళవారం దాకా అల్మారాలో ఉండిపోవడం మన దగ్గర మామూలు. ఎముకలోంచి తీసిన ముక్కనైతే ల్యాబువాళ్లు ఆమ్లంలో వేసి మెత్తబరుస్తారు. దాంతో జన్యు పరీక్ష చెడుతుంది కాబట్టి వేరేచోట తీసే వీలుంటే ఎముక జోలికి పోకుండా ఉండటం మేలు.

ఊపిరితిత్తుల పొరల్లో నీరు చేరిన రోగికి వారం వారం నీరు తీసి పారబోయడం ఇంకో పొరపాటు. ఆ నీటిలోనే క్యాన్సర్ కణాలుంటాయి. యాభై నుంచి వంద మిల్లీలీటర్లు ల్యాబుకు పంపి "సెల్ బ్లాక్" (కణాల్ని మైనంలో పోతపోయడం) చెయ్యమంటే, సూది మళ్లీ గుచ్చకుండానే జబ్బు పేరు, జన్యు పరీక్ష రెండూ తేలే అవకాశముంది.

ఫార్మలిన్‌లోంచి తీసిన పోగుల్ని ల్యాబులో మైనంలో పోతపోస్తారు. అదే బ్లాక్, పైన శీర్షికలో చెప్పిన మైనపు బిళ్ల. అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ గూడు, దాని మీద తెల్లటి మైనం, మైనంలో బియ్యపు గింజల్లా రెండు మూడు గీతలు, పక్కన పెన్సిల్‌తో రాసిన నంబరు. రోగి భవిష్యత్తంతా దాంట్లోనే ఉంటుంది. రిపోర్టు కాగితం తెచ్చుకుని బ్లాకును ల్యాబులో వదిలేసి వచ్చేవాళ్లే ఎక్కువ. పెద్దాసుపత్రిలో మొదట అడిగేది బ్లాకునే. అది లేకపోతే మళ్లీ సూది, మళ్లీ రెండు మూడు వారాలు. రిపోర్టు తీసుకునే రోజే రసీదు మీద సంతకం పెట్టి బ్లాకు, స్లైడ్లు రెండూ తీసుకోండి. బ్లాకు మీది నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే చూసుకోండి. దూది చుట్టి గట్టి డబ్బాలో పెట్టండి. ఎండలో నిలిపిన జీపు ముందు అద్దం దగ్గర పెడితే మైనం మెత్తబడుతుంది.

ఆ ముక్కను ల్యాబువాళ్లు పొదుపుగా వాడాలి. ఏ రకం క్యాన్సరో సందేహం తీరడానికి టీటీఎఫ్-1, పీ40 అనే రెండు రంగు పరీక్షలు చాలాసార్లు సరిపోతాయి. పదీ పన్నెండు చేస్తూ పోతే జన్యు పరీక్షకు మైనంలో ఏమీ మిగలదు. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో నూటికి ఎనభై అయిదు నాన్ స్మాల్ సెల్ రకం. అందులో అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే రకం) అని తేలితే ఈజీఎఫ్ఆర్, ఆల్క్, రాస్-1 అనే జన్యువులకూ, పీడీఎల్-1 అనే ప్రొటీన్‌కూ పరీక్షలు అడగాల్సిందే. మన దేశంలో అడినోకార్సినోమా రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. పొగతాగనివాళ్లలో, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. ఆ మార్పు ఉంటే జెఫిటినిబ్ 250 మిల్లీగ్రాములు రోజుకొకటి, లేదా ఒసిమెర్టినిబ్ 80 మిల్లీగ్రాములు రోజుకొకటి. ఇంట్లో కూర్చుని మింగే మాత్ర. నాలుగో దశ ఈజీఎఫ్ఆర్ రోగుల మీద జరిగిన ఫ్లోరా అధ్యయనం తుది ఫలితాలు 2020లో వచ్చాయి. ఒసిమెర్టినిబ్ వాడినవాళ్లలో సగం మంది 38 నెలలు దాటి బతికారు. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి పాత మాత్రలతో సగం మంది 31 నెలలు దాటారు. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు జెఫిటినిబ్‌కు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కీమో జోడించి చూస్తే, జబ్బు అదుపులో ఉండే కాలం 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది. దుష్ఫలితాలూ పెరిగాయి కాబట్టి ఒంట్లో శక్తి ఉన్నవాళ్లకే అది. పరీక్ష చెయ్యకుండా మాత్రం "మాత్రే కదా, వేసి చూద్దాం" అని జెఫిటినిబ్ ఇవ్వడం తప్పు. మార్పు లేనివాళ్లకు కీమోయే మేలని 2009లోనే ఐపాస్ అధ్యయనం తేల్చింది.

ముక్క చాలకపోతే రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఉంది. అందులో మార్పు ఉందని వస్తే నమ్మొచ్చు. లేదని వస్తే మాత్రం అదే ఆఖరిమాట కాదు.

ఇక మందుల పొత్తు. దీన్ని కాస్త నింపాదిగా చదవమని ప్రార్థన. టీబీ మాత్రలో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రం ఎర్రగా వచ్చేది దానివల్లే. జెఫిటినిబ్‌తో కలిపి వాడితే రక్తంలో జెఫిటినిబ్‌ను నూటికి ఎనభైకి పైగా తగ్గించేస్తుంది. ఒసిమెర్టినిబ్‌నూ అంతకు దగ్గరగా తగ్గిస్తుంది. క్యాన్సర్ తేలాక కూడా "దేని దారి దానిది" అని రెండూ మింగే రోగికి క్యాన్సర్ మాత్ర దాదాపు వేసుకోనట్టే. టీబీకి రుజువు లేకపోతే ఆ మందు ఆపే విషయం, నిజంగా రెండూ ఉంటే రిఫాంపిసిన్‌ను మార్చే విషయం డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని తేల్చాలి. సొంతంగా ఆపెయ్యకూడదు. ఆపినా దాని ప్రభావం పోవడానికి రెండు వారాలు పడుతుంది. అలాగే పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర, అంటే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి, జెఫిటినిబ్ ఒంటికి పట్టకుండా చేస్తాయి. ఎర్లోటినిబ్ వేసుకుంటూ చుట్ట కాలిస్తే ఆ మందు పనీ బాగా తగ్గిపోతుంది. పెమెట్రెక్సెడ్ ఎక్కించే ముందు వారం నుంచి రోజూ ఫోలిక్ యాసిడ్, తొమ్మిది వారాలకొకసారి బీ12 ఇంజెక్షన్ తప్పకూడదు. తప్పితే నోరు పూసి, రక్తకణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో ఒళ్లు నొప్పులకని మందుల షాపులో డైక్లోఫినాక్ కొని వేసుకుంటే మూత్రపిండాలకు దెబ్బ.

కీమో తర్వాత జ్వరం గురించి మన ఏజెన్సీలో ఎంత చెప్పినా తక్కువే. మందు ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు అడుగంటుతాయి. థర్మామీటర్‌లో ఒక్కసారి 101 కనిపించినా, 100.4 గంటసేపు నిలిచినా అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన జ్వరం. కోరాపుట్, రాయగడ కొండల్లో జ్వరమంటే మలేరియా. రక్తచుక్క తీసి, పారాసెటమాల్ ఇచ్చి పంపేస్తారు. జ్వరం దిగినట్టుంటుంది, లోపల ఇన్ఫెక్షన్ రాత్రికి రాత్రి ప్రాణం తీస్తుంది. మలేరియా పరీక్ష చెయ్యండి, దానితోపాటే సీబీసీ (రక్తకణాల లెక్క) కూడా. తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ 500కి దిగువకు పోతే, లేదా రిపోర్టు రావడం ఆలస్యమైతే, గంటలోపు నరంలోకి యాంటిబయాటిక్ పడాలి. కీమో ఇచ్చిన తేదీ, మందుల పేర్లు ఉన్న చీటీని రోగి జేబులో ఉంచుకోవాలి.

నోటి క్యాన్సర్ గురించి కూడా ఒక మాట. గంజాం తీరం నుంచి శ్రీకాకుళం దాకా పల్లెల్లో ఆడవాళ్లు నిప్పును నోట్లోకి పెట్టి కాల్చే అడ్డచుట్ట వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునే అలవాటు ఉన్నవాళ్లకు చిగుళ్లు, బుగ్గల లోపల ప్రమాదం. టార్చి వేసి అంగిలి చూస్తే తెల్లటి మందపాటి పొర, మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. పుండు పడి మూడు వారాల్లో మానకపోతే ముక్క పరీక్ష చేయించాలి. ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో నోటి మాత్రల కీమోకు ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే నివోలుమాబ్ ఇంజెక్షన్ 20 మిల్లీగ్రాములు మాత్రమే మూడు వారాలకొకసారి చేర్చినప్పుడు, ఏడాది దాటి బతికినవాళ్లు నూటికి 16 నుంచి 43కు పెరిగారని టాటా మెమోరియల్ 2022లో చూపింది. మామూలు మోతాదులో పదో వంతు కూడా కాదది. లక్షలు పెట్టలేమని వెనక్కి వచ్చేసే ముందు డాక్టర్ని ఈ దారి ఉందా అని అడగండి.

దారీ, కార్డూ. రాయగడవాళ్లకు కటక్‌లోని ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ కన్నా, విశాఖ అగనంపూడిలోని టాటావారి హోమీ భాభా ఆసుపత్రి సగం దూరంలోనే ఉంటుంది. కానీ ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ ఒడిశా రేషన్ కార్డుకు వర్తించదు. అత్తవారి కార్డులో పేరెక్కించుకునే ప్రయత్నంలో నెలలు పోగొట్టుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ మొదలైంది. ఆ కార్డు ఇతర రాష్ట్రాల్లో ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేదు. ఆ ఆసుపత్రి పథకంలో ఉందా, మీకు రాసిన మందూ జన్యు పరీక్షా ప్యాకేజీలో ఉన్నాయా అని బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రైలులో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. దానికి ఆసుపత్రివారు నిర్ణీత ఫారంలో ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. మొదటిసారి వెళ్లినప్పుడే తీసుకోండి.

నొప్పికి మార్ఫిన్ ఇస్తే మనిషి పోయినట్టేనని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. 5 లేదా 10 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు గంటలకొకసారి, గడియారం చూసి వేస్తే మనిషి లేచి కూర్చుని అన్నం తింటాడు. ఆయాసం కూడా తగ్గుతుంది. మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కలిపి ఇవ్వాలి. అది మరిచిపోవడం వల్లే చాలామంది మార్ఫిన్ మానేస్తారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తేలిన తొలినాళ్ల నుంచే ఉపశమన వైద్యం కూడా అందినవాళ్లలో సగం మంది 11.6 నెలలు, మామూలు క్యాన్సర్ వైద్యం మాత్రమే అందినవాళ్లలో సగం మంది 8.9 నెలలు దాటి బతికారని 2010లో అమెరికాలో అచ్చయిన అధ్యయనం చెబుతోంది. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ పెట్టుకోవడం సులువైంది. అయినా సరిహద్దులో దానికోసం రోగి ఇంటివాళ్లు రెండు రోజులు ప్రయాణం చెయ్యాల్సి వస్తోంది.

మీ పత్రిక ద్వారా ఇరు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను అడిగేది ఇంతే. బయాప్సీ చేసే ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఫార్మలిన్ నింపిన సీసాలు, వాటి మీద ముక్క తీసిన తేదీ, గంట రాసే చీటీలు సిద్ధంగా ఉంచాలి. బ్లాకు రోగికి ఇచ్చి రిజిస్టరులో సంతకం తీసుకోవాలి. రెండు నెలల టీబీ మందులకు మచ్చ తగ్గని రోగికి సీటీ రాయడం ఒక నియమంగా పెట్టాలి. జిల్లా కేంద్రంలో మార్ఫిన్ దొరకాలి. కీమో జ్వరం చీటీ ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చువేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడల మీద అంటించాలి.

ఇట్లు,
రాయగడ, గజపతి జిల్లాల్లో క్యాన్సర్ రోగుల సేవలో ఉన్న కొందరు నర్సులు, ఫార్మసిస్టులు