అమ్మ కళ్ల విషయంలో అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

అమ్మకు రెండు కళ్లలోనూ మాక్యులా క్షీణత (ఏఎండీ), అంటే కంటి వెనక తెర అయిన రెటీనా మధ్య భాగం వయసుతో దెబ్బతినే జబ్బు, మధ్య దశలో ఉందని తెలిసినప్పటి నుంచి మాకు తోడున్న వాళ్లందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

ముందుగా రెటీనా డాక్టరు గారికి. కంట్లో కొవ్వు పేరుకుందన్న ఒక్క మాట పట్టుకుని అమ్మ బాగా కుమిలిపోయింది. తన తిండే తన చూపును తినేసిందని లోలోపల తప్పంతా తన మీద వేసుకుంది. అది గమనించి డాక్టరు గారు రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ ఉన్న తెరను అమ్మ వైపు తిప్పారు. రెటీనా అడుగున సాఫీగా సాగాల్సిన గీత అక్కడక్కడ ఉబ్బి ఉంది. "ఇవే డ్రూసెన్ అమ్మా. వీటిలో కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజమే. కానీ మీరు తిన్నది నేరుగా వచ్చి ఇక్కడ కూర్చోలేదు" అన్నారు.

ఆ తర్వాత డాక్టరు గారు ఓపికగా చెప్పింది నాకు ఇంకా గుర్తుంది. వెలుగును పట్టుకునే కణాలు రోజూ తమ కొసల్లో దాదాపు 10 శాతం రాల్చి, కొత్తవి పెంచుకుంటాయి. రాలినదాన్ని కింద ఉన్న ఆర్‌పీఈ పొర మింగి అరిగించి, మిగిలిన కొవ్వును తన అడుగున ఉన్న పల్చని బ్రూక్ పొర గుండా రక్తంలోకి పంపుతుంది. వయసు మీదపడే కొద్దీ ఆ బ్రూక్ పొర మందమవుతుంది. తూములో ఒండ్రు మేట వేసినట్టు కొవ్వు అక్కడే ఆగిపోతుంది. రక్తం నుంచి వచ్చేదీ కలుస్తుంది గానీ, అక్కడ పేరుకునేది చాలావరకు ఆర్‌పీఈ పొర తయారుచేసి పంపిందే. ఆ మాట విన్నాక అమ్మ ముఖంలో వచ్చిన తేడా చూసి నాకు కళ్లు చెమర్చాయి. మందు రాయకముందే సగం వైద్యం జరిగిపోయింది.

తర్వాత మా పక్కింటి మాస్టారు గారికి. బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. "అయితే కొలెస్ట్రాల్ మాత్ర డోసు పెంచితే సరిపోతుందా?" అని తమ్ముడు అడిగితే విసుక్కోకుండా కూర్చోబెట్టి వివరించారు. 2016లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనంలో ఏఎండీతో సంబంధం ఉన్నవిగా తేలిన వాటిలో కొవ్వును మోసే, మార్చే జన్యువులు కూడా ఉన్నాయట. అయినా లెక్క సూటిగా లేదు. మంచి కొలెస్ట్రాల్ అని మనం మురిసిపోయే హెచ్‌డీఎల్ ఎక్కువున్న వాళ్లలో ఈ జబ్బు ముప్పు కాస్త ఎక్కువగా కనిపించింది. అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) ముప్పు పెంచే ఏపీఓఈ4 అనే జన్యు రకం ఇక్కడ ముప్పు తగ్గిస్తుంది. స్టాటిన్లు, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు, ఏఎండీని ఆపుతాయని రుజువు కాలేదు కాబట్టి, గుండె కోసం ఇచ్చిన మాత్రను గుండె కోసమే వేసుకోవాలని, మానకూడదని, సొంతంగా పెంచకూడదని గట్టిగా చెప్పారు. మా ఫిజీషియన్ కూడా అదే మాట అన్నారు. దాంతో ఇంట్లో టెన్షన్ చాలా తగ్గింది.

నాన్నకూ థాంక్స్ చెప్పాలి. ఏఎండీలో మన చేతిలో ఉన్న అతి పెద్ద ముప్పు పొగతాగడమే అని, పక్కన కూర్చున్న వాళ్లకూ ఆ పొగ మంచిది కాదని తెలిసి సిగరెట్ మానేశారు. అది ఎంత కష్టమో దగ్గరుండి చూశాను.

చూపు పరీక్షించే ఆప్టోమెట్రీ విభాగంలోని అమ్మాయికి ప్రత్యేకంగా. ఆమ్‌స్లర్ గ్రిడ్ అనే గళ్ల కాగితాన్ని ఎలా చూడాలో అమ్మతో పదే పదే చేయించింది. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, మధ్యలోని చుక్కనే చూడాలి. గళ్ల గీతలు వంకర పోయినా, ఎక్కడైనా మసకబారినా, రాబోయే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే రమ్మంది. అది జబ్బు తడి రకంగా, అంటే రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకంగా, మారడం కావచ్చు. ఇంజెక్షన్లు తొందరగా మొదలుపెడితేనే చూపు ఎక్కువగా నిలుస్తుంది.

ఆ గ్రిడ్ ఇప్పుడు బీరువా తలుపుకు అంటించి ఉంది. పొద్దున్నే పక్కన నిలబడి, అమ్మ చెప్పింది నోటుబుక్కులో రాసిపెడుతున్న పిన్నికి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. మీ ఇంట్లో 50 దాటిన వాళ్లు ఉంటే, చూపు బాగానే ఉన్నా ఒకసారి రెటీనా పరీక్ష చేయించండి. ఇది మా అమ్మ మీ అందరికీ చెప్పమన్న మాట.