దండలు సరే, రీళ్ల సంగతేమిటి మంత్రిగారూ?

గౌరవనీయులైన సినిమాటోగ్రఫీ, సాంస్కృతిక శాఖల మంత్రిగారికి,

నమస్కారం. పాత తెలుగు సినిమా రీళ్లు పాడవకుండా దాచే ఫిల్మ్ ఆర్కైవ్ కావాలన్న ఫైలు ఏమిటో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మీ పేషీ ముద్ర పడిన అర్జీలు ఇప్పటికి నాలుగు. మొదటిదానికి జవాబు లేదు. రెండోదాన్ని ‘సంబంధిత శాఖకు పంపాము’ అన్నారు. ఆ సంబంధిత శాఖ మీదే. మిగతా రెండూ ఏ బీరువాలో నిద్రపోతున్నాయో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

ముందు చిన్న విషయం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ పుట్టినరోజంటూ ఇప్పటికీ సెప్టెంబర్ 15న శుభాకాంక్షల పోస్టర్లు తిరుగుతున్నాయి. 1931లో ఆ రోజున ఆ సినిమా రాలేదు. బొంబాయిలో సెన్సారు అయింది 1932 జనవరి 22న, విడుదలైంది ఫిబ్రవరి 6న, అక్కడి కృష్ణా థియేటర్లో. పాత్రికేయులు రెంటాల జయదేవ ఆధారాలతో సహా దీన్ని బయటపెట్టి ఏళ్లయింది. అంతదాకా ఎందుకు, ‘భక్త ప్రహ్లాద’ దర్శకుడు హెచ్.ఎం. రెడ్డే తీసిన ‘కాళిదాస్’ 1931 అక్టోబర్ 31న తమిళ, తెలుగు మాటలతో వచ్చిన తొలి చిత్రంగా విడుదలైంది. అంతకు నెలన్నర ముందే పూర్తి తెలుగు టాకీ ఆడి ఉంటే ఆ మాట ఎవరైనా ఒప్పుకునేవారా? తేదీ దిద్దుకోవడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

అసలు బాధ వేరే. 2032 ఫిబ్రవరి 6కి ఆ సినిమాకి నూరేళ్లు. వేదిక, శాలువాలు, జ్ఞాపికలు మీరు ఎలాగూ ఘనంగా ఏర్పాటు చేస్తారు. తెర మీద ఏం వేస్తారు? ఆ సినిమా నిడివి 9,762 అడుగులు, అంటే 108 నిమిషాలు. అందులో ఒక్క అడుగు కూడా ఇవాళ లేదు. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడిగా సింధూరి కృష్ణారావు, పాటలు రాసిన చందాల కేశవదాసు... ప్లేబ్యాక్ అన్నదే లేని రోజులు. కెమెరా ముందు నిలబడి ఏం పాడితే అదే రికార్డు. ఆ గొంతులు ఆ రీళ్లతోనే పోయాయి. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య గారి పేరిట 1980 నుంచి అవార్డు ఉంది, ఆయన సంస్థ తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు మాత్రం లేదు. మనిషికి దండ, మనిషి పనికి మట్టి.

పోయినవాటి కోసం ఏడ్వమని అడగడం లేదు. ఉన్నవి పోతున్నాయి, అదీ మొర.

దాదాపు 1950 దాకా వాడింది నైట్రేట్ ఫిల్మ్. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, మండడానికి కావలసిన ఆక్సిజన్ అందులోనే ఉంటుంది. పాతబడే కొద్దీ ముందు బొమ్మ పాలిపోయి గోధుమరంగుకు తిరుగుతుంది. తర్వాత చుట్టలు జిగురై ఒకదానికొకటి అతుక్కుంటాయి, పైన తేనెలాంటి నురగ లేస్తుంది. ఆపైన గట్టి ముద్ద, చివరికి గోధుమరంగు పొడి. బాగా చివికిన నైట్రేట్ చుట్ట 41 డిగ్రీల దగ్గర ఎక్కువకాలం ఉంటే దానంతటదే రాజుకోవచ్చు. మన ఊళ్లలో మే నెలలో రేకుల గోడౌను లోపల ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పాలా? మిగిలిన వాటిలో చాలా ప్రింట్లను వెండి కోసం కరిగించుకున్నారు. నలుపు తెలుపు బొమ్మ అంటే వెండి రేణువులే మరి.

ఆ తర్వాత వచ్చిన అసిటేట్‌ను ‘సేఫ్టీ ఫిల్మ్’ అన్నారు. మంటకు సేఫ్టీయే, మన ఉక్కపోతకు కాదు. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన ముక్కుకు కొడితే అది జబ్బు ముదిరిన గుర్తు. ఫిల్మ్ తనలోంచి అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే మళ్లీ ఫిల్మ్‌ను ఇంకా వేగంగా తింటుంది, పక్క డబ్బాలకూ అంటిస్తుంది. ఫిల్మ్ ఒక శాతం కుంచించుకుపోతే చాలు, అంచు రంధ్రాలు ప్రొజెక్టర్ పళ్లకు అందవు. బలవంతంగా తిప్పితే చిరుగుతుంది. ఇక డెబ్బైల నాటి కలర్ ప్రింట్లు చూడండి. ముందుగా వెలిసేది సయాన్, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం రంగు. అందుకే హీరో చొక్కా, చెట్టు, ఆకాశం అన్నీ గులాబీ ముద్దలా కనిపిస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. నెగెటివ్‌లో బొమ్మ వేరు, శబ్దం వేరు. 16,000 అడుగుల సినిమా అంటే వెయ్యి అడుగుల చొప్పున పిక్చర్ డబ్బాలు 16, సౌండ్ డబ్బాలు 16. చెన్నై ల్యాబులు మూతబడ్డాక ఈ డబ్బాలు తలో దిక్కయ్యాయి. ఒక్క సౌండ్ డబ్బా దొరక్కపోతే 11 నిమిషాల పాటు నటులు మూగగా పెదాలు కదుపుతుంటారు. అందులో ఒక పద్యం ఉంటే అది శాశ్వతంగా పోయినట్టే.

‘రీళ్లకు ఏసీ గది ఇచ్చాం కదా’ అని ఒకసారి నోటిమాటగా అన్నారు. ఇచ్చారు, కాదనం. ఆ ఏసీ ఉదయం పదికి వేసి సాయంత్రం అయిదుకు కట్టేసేది. మంత్రిగారూ, అది ఏసీ లేకపోవడం కంటే హానికరం. చల్లబడిన డబ్బా మీద రాత్రి ఉక్కకు చెమ్మ పడుతుంది, పొద్దున్నే మళ్లీ చల్లబడుతుంది. రోజూ ఇదే. ఫిల్మ్‌కు కావలసింది ఆఫీసు వేళల చల్లదనం కాదు, ఇరవైనాలుగు గంటలూ కదలని చల్లదనం. నలుపు తెలుపుకు 12 డిగ్రీల లోపు, కలర్‌కు ఇంకా తక్కువ, గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య. వేడి ఓ అయిదు డిగ్రీలు తగ్గితే ఫిల్మ్ ఆయుష్షు ఉజ్జాయింపుగా రెట్టింపవుతుంది. అలాంటి గదిలోంచి డబ్బా బయటికి తెస్తే, గది వేడికి అలవాటు పడేదాకా ఒక రోజు మూత తీయకూడదు. దీనికి ఇద్దరు తెలిసినవాళ్లు, కరెంటు పోతే నడిచే జనరేటరు చాలు. ఒక్క జయంతి సభ స్టేజీ అలంకరణ ఖర్చుతో పోల్చి చూడండి.

‘అన్నీ డిజిటైజ్ అయ్యాయి’ అనేది మరో మాట. టీవీ కోసం ఎప్పుడో వీడియో టేపుకు ఎక్కించినదాన్ని హార్డ్ డిస్కులో పోసుకోవడం డిజిటైజేషన్ కాదు. పద్ధతి ఇదీ: రీలును బల్ల మీద చేత్తో తిప్పుతూ చిరిగిన రంధ్రాలు, ఊడిన అతుకులు బాగుచేయాలి. శుభ్రం చేయాలి. కుంచించుకుపోయిన ఫిల్మ్‌ను పళ్లు లేని స్కానర్ మీద 4కెలో పట్టాలి. గీతలుంటే ద్రవంలో తడుపుతూ స్కాన్ చేయాలి. ఫైళ్లు రెండు ఎల్‌టీవో టేపుల (కంప్యూటర్ డేటా దాచే అయస్కాంత టేపులు) మీద, రెండు వేర్వేరు ఊళ్లలో ఉండాలి. కొన్నేళ్లకోసారి వాటిని కొత్త తరం టేపులకు మార్చాలి. లేకపోతే టేపు ఉంటుంది, చదివే యంత్రం ఉండదు. ఇంత చేశాక కూడా అసలు రీలును పారేయకూడదు! స్కాన్ అయింది కదా అని పాత డబ్బాలను తూకానికి వేసినచోట తర్వాత నెత్తీనోరూ కొట్టుకున్నారు.

పుస్తకానికి 1954 నుంచి చట్టం ఉంది, అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ జాతీయ గ్రంథాలయానికి చేరాలి. సినిమాకు అలాంటి తప్పనిసరి ఏదీ లేదు. చట్టం ఢిల్లీ పని అనుకోండి. కనీసం మీ రాయితీ పొందే ప్రతి సినిమాకూ మంచి కాపీ ఒకటి అప్పగించాలన్న షరతు పెట్టడం మీ చేతిలో పనే కదా?

ఏం అడుగుతున్నారని మీ కార్యదర్శి గారు అడగవచ్చు. గది అడుగుతున్నాం. ఏసీ కట్టేయని గది. ముందుగా ఎవరి దగ్గర ఏ డబ్బాలున్నాయో జాబితా రాయించండి. వాసన చూసి కాదు, ఎ-డి స్ట్రిప్ అనే రంగు కాగితం డబ్బాలో పెట్టి రాయించండి. నీలంగా ఉంటే ఆగవచ్చు, ఆకుపచ్చకు తిరిగితే తొందరపడాలి, పసుపైతే ఆ వారమే స్కానింగుకు వెళ్లాలి. పాత పాటల పుస్తకాలు కూడా సేకరించండి. రీలు లేని సినిమాల్లో ఎవరు నటించారో, ఎవరు రాశారో చెప్పడానికి చాలాచోట్ల మిగిలింది ఆ నాలుగు పేజీలే. గదిని మాత్రం మరవకండి.

దీన్ని ఐదో అర్జీగా తీసుకోండి. ముద్ర వేసి రసీదు పంపించండి. ఈసారి ‘సంబంధిత శాఖకు పంపాము’ అని మాత్రం రాయించకండి.

ఇట్లు,
పాత రీళ్ల కోసం గోడౌన్ల చుట్టూ తిరుగుతున్న కొందరు