పాత కరెంటు గడియారం లోపల మోటారు పీకెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో కోనసీమ మండువా లోగిళ్ళు విప్పేసి టేకు స్తంభాలు, గుమ్మాలు అమ్ముకుంటున్నారని రాశారు, బానే ఉంది కానీ కలప తప్ప ఇంకేదీ మీ కంటికి ఆనలేదా అండి? నేను అమలాపురంలో ముప్పై ఏళ్ళుగా మోటార్ వైండింగ్ చేస్తున్నాను, అలాంటి ఇంట్లోంచి పాత ఇనుప కొట్టుకి పోతున్న గడియారం ఒకటి అరవై రూపాయలకి తెచ్చుకున్నాను, స్మిత్స్ సెక్ట్రిక్ అని ఇంగ్లీషోళ్ళది, వెనక 200-250 వోల్టులు, 50 సైకిల్స్ (అంటే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుద్ది) అని ఉంది.

బ్రౌన్ బేక్‌లైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) బాడీ, ఎక్కడా కోసుగా మూలనేదే లేదు, రెండు పక్కలా గోదారి పడవ ముక్కులా సన్నబడతాది, డయల్ కింద మూడు గీతలు గాలికి సాగిపోయినట్టు ఉంటాయి. గోడ మీద కూర్చునే దానికి ఈ స్పీడెందుకు నాన్నా అని మావాడు నవ్వాడు. నిజమే, 1930ల్లో అమెరికాలో రైలింజన్లకి గాలి అడ్డు తగ్గాలని పెట్టిన ఆ రూపం ఇంట్లో సామాన్లకీ ఎక్కించేశారు, రేమండ్ లోవీ అనే డిజైనర్ అయితే 1933లో పెన్సిల్ చెక్కే మిషన్‌కి కూడా చేశాడు. సోకే, కాదన్ను. కానీ ఉత్త సోకు కాదండి, బేక్‌లైట్‌ని అచ్చులో వేడి మీద ఒత్తుతారు, కోసు మూలల్లోకి సరుకు సరిగ్గా పారదు, ఊడదీసేప్పుడు అక్కడే విరుగుద్ది, అందుకని గుండ్రం చేస్తే పనీ తేలిక, చూపుకీ బావుంటాది. చెక్క గడియారాల మీద లతలూ పువ్వులూ చెక్కిందానికన్నా నాకిదే ఇష్టం.

లోపల స్ప్రింగు లేదు, లోలకం లేదు, కరెంటు సైకిల్స్‌ని బట్టే మోటారు తిరుగుద్ది. హెన్రీ వారెన్ అనే ఆయన 1916లో బోస్టన్ పవర్‌హౌస్‌లో మాస్టర్ గడియారం పెట్టించి, దాన్ని చూసి సైకిల్స్ సరిచేయించాకే ఇలాంటివి కుదిరాయి. ఆ సైకిల్స్ 49కి పడిపోయి అక్కడే ఉందనుకోండి, రోజుకి దగ్గర దగ్గర అరగంట వెనకబడుద్ది. మా మేనల్లుడు అమెరికా నుంచి 60 సైకిల్స్‌ది తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెట్టి, గంటకి పది నిమిషాలు స్లో అని నన్ను తిట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులే మార్చుద్ది, సైకిల్స్ మన 50యే కదా, నేనేం చేస్తాను! టిక్కుటిక్కు ఉండదు, సెకన్ల ముల్లు కాలవ నీళ్ళలా జారిపోతా ఉంటాది.

ఆ ఇంటోళ్ళు ఇది 1996 నవంబరు తుఫాను రాత్రి కాలిపోయిందన్నారు. కాలలేదండి! ఈ మోడల్ కరెంటొచ్చినా దానంతటది మొదలవదు, వెనక చిన్న మర తిప్పాలి. అది తెలిసిన పెద్దాయన పోయారు, అంతే, అన్నేళ్ళు గోడ మీద శవంలా వేలాడింది.

నా బాధల్లా ఇదేనండి, ఇలాంటిదే ఇంకోటి అద్దం మార్చమని ఒక షాపులో ఇస్తే మోటారు పీకి పారేసి బ్యాటరీ మిషన్ పెట్టిచ్చారు, పైగా ఫ్రీగా చేశాం అంటారు. ఇప్పుడది టిక్కుటిక్కు కొడతా ఉంది. రాజమండ్రి మ్యూజియంలో శిల్పాలు, నాణాలు పెట్టారు, సంతోషం, మన నాన్నల కాలం నాటి ఈ సామాన్లకీ ఒక అర ఇస్తే ఏం పోయింది?

మీ ఇంట్లో ఉంటే మాత్రం తిన్నగా ప్లగ్గులో పెట్టెయ్యకండి, పాత వైరు రబ్బరు పొడైపోయుంటాది. వైరు మార్పించి, సీరీస్ బల్బు (కరెంటు దారిలో వరసగా కలిపిన బల్బు) మీద పెట్టి, అప్పుడు వెనక మర తిప్పండి.

ఇట్లు,
ఒక మోటార్ వైండర్, అమలాపురం