చుక్క ప్రయాణం సంగతులు

ఒరే బావా,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్లో "శాల కట్టించాను, గడ్డి తెచ్చి పెట్టాను, ఇంకా ఎన్నాళ్లురా" అని చిరాకు పడ్డావు. ఫోన్లో సగం సగం చెప్తే నీకు కోపం తగ్గదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మా గుర్రప్పిల్ల చుక్కని బెంగళూరుకి నీ దగ్గరికి పంపడం నాకిష్టం లేక కాదు. టీకాలు, రక్త పరీక్షలు, కాగితాలు ఒకదాని వెనక ఒకటి నడవాలి. ఏదీ మనం తొందరపెడితే ముందుకు జరిగేది కాదు.

ముందు టీకాల సంగతి. దాని తల్లికి ఈనడానికి నెల ముందే ధనుర్వాతం టీకా వేయించాం. ఆ రక్షణ జున్నుపాలతో పిల్లకి వచ్చింది. అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ పిల్లకి టీకా వేసినా సరిగ్గా పట్టదు. అందుకే డాక్టరుగారు ఆరో నెల నిండాకే మొదలుపెట్టారు. ధనుర్వాతం, ఫ్లూ, రేబిస్, ఈ మూడింటికీ మొదటి డోసు పడ్డ నాలుగు నుంచి ఆరు వారాలకి రెండోది పడాలి. అది పడితేనే పూర్తి బలం. ధనుర్వాతం గుర్రానికి వచ్చినంత తేలిగ్గా ఆవుకీ గేదెకీ రాదు. గిట్టలో చిన్న మేకు దిగినా చాలు. ఆ క్రిమి ఉండేది మట్టిలో, పేడలో. మన ఊళ్లో ఆ రెండూ లేని చోటేదీ?

ఫ్లూ టీకా ఎందుకురా, ఊళ్లో మనవి తప్ప ఇంకో గుర్రమే లేదుగా అన్నావు. ఇక్కడ లేదు, దారిలో ఉంటాయి, నీ శాల పక్కన ఉంటాయి. 2008లో జమ్మూలో కత్రా దగ్గర మొదలైన గుర్రాల ఫ్లూ చాలా రాష్ట్రాలకి పాకింది. గుర్రాలు ఊళ్లు తిరిగితే జబ్బూ వాటితోపాటే తిరుగుతుంది. రెండో డోసు అయిపోయింది. మెడ మీద కాస్త వాచింది, ఒకరోజు దాణా సరిగ్గా ముట్టలేదు, ఇప్పుడు మామూలుగానే ఉంది. అయినా కనీసం రెండు వారాలు ఆగి గానీ బండెక్కించకూడదన్నారు. నాకూ అదే సబబనిపించింది.

అసలు టెన్షన్ గ్లాండర్స్ పరీక్షది. ముక్కులో, ఊపిరితిత్తుల్లో, చర్మం మీద పుళ్లు పడే జబ్బు అది. గుర్రాల నుంచి, గాడిదల నుంచి మనుషులకి కూడా అంటుకుంటుంది. టీకా లేదు. ఉందని తేలితే 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద ఆ ప్రాణిని చంపేయాల్సిందే. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రమే ఈ పరీక్షకి దేశం మొత్తానికీ పెద్ద దిక్కు. డాక్టరుగారు మెడ కింది గాడిలో బొటనవేలితో నొక్కిపట్టగానే నరం ఉబ్బింది. నాన్న అరచేతిలో బెల్లంముక్క పెట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. చుక్క దాని మీదే ధ్యాస పెట్టి, సూది దిగిన సంగతే పట్టించుకోలేదు. రక్తం గడ్డకట్టాక పైన తేరిన పసుప్పచ్చటి నీటిని చిన్న సీసాలోకి తీసి, ఐసు పెట్టి పంపారు. ఆ రిపోర్టు కోసమే ఇప్పుడు ఎదురుచూపు. ఏ జబ్బు లక్షణమూ లేదు, అయినా నాన్న రోజూ పొద్దున్నే దాని ముక్కు చూసి గానీ కాఫీ తాగడం లేదు.

మన డెల్టాలో ఇంకో భయం సర్రా, రక్తంలో క్రిమి చేరి వచ్చే జబ్బు. వానాకాలం కాలవ గట్ల మీద జోరీగలు ఎలా ముసురుతాయో నీకు నేను చెప్పాలా! గేదెల ఒంట్లో ఆ క్రిమి పెద్దగా బయటపడకుండా ఉండిపోతుంది. జోరీగ గేదెని కుట్టి వచ్చి గుర్రాన్ని కుడితే గుర్రానికి జ్వరం, కాళ్ల వాపు, చూస్తుండగానే చిక్కిపోవడం. అందుకే చుక్క పాకని గేదెల కొట్టానికి దూరంగా వేశాం, సాయంత్రమయ్యేసరికి వేపాకు పొగ పెడుతున్నాం. గాజుపలక మీద రక్తపు చుక్క తీసి చూశారు, ఏమీ కనపడలేదు. ఒక్కసారి చూస్తే క్రిమి దొరక్కపోవచ్చట, ఇంకోసారి కూడా చూడమని అడిగాను.

గుర్తింపు కాగితం చూస్తే నీకు ముచ్చటేస్తుంది. గుర్రం బొమ్మ అచ్చువేసిన కాగితం మీద దాని గుర్తులన్నీ గీశారు: నుదుటి మీద చుక్క, వెనక ఎడమకాలికి తెల్లమేజోడు, ఏ సుడి ఎక్కడుందో. మా తాత సుడులు చూసి అదృష్టం చెప్పేవాడు. ఇక్కడ అవే సుడులు ఈ గుర్రం ఇదేనని పట్టిస్తాయి. మెడకి ఎడమవైపు మైక్రోచిప్ కూడా వేశారు. పదిహేను అంకెలు, ప్రతి కాగితం మీదా అవే ఉండాలి. ప్రయాణానికి తగ్గ ఆరోగ్యంతో ఉందన్న సర్టిఫికెట్ మాత్రం బయల్దేరే ముందే తీసుకోవాలి, ముందుగా తెచ్చి దాచుకుంటే దానికి విలువ లేదు.

బండి మాట్లాడాను. జంతువుల రవాణాకి 1978 రూల్స్ ఉన్నాయి: గుర్రం తల ఎడమవైపుకి ఉండాలి, ఎదురొచ్చే బళ్లు చూసి బెదరకుండా. పక్కన 8 సెంటీమీటర్ల మందానికి తగ్గని వెదురు బొంగులు కట్టాలి. కింద కాలు జారకూడదు. దానికి మన కొబ్బరిపీచు చాపలకి మించినవేముంటాయి! వేగం గంటకి 35 కిలోమీటర్లు దాటకూడదు. కాబట్టి రావులపాలెంలో హైవే ఎక్కాక బెంగళూరు ఎప్పుడొస్తారని గంటగంటకీ ఫోన్ చేయకు. తల పైకి కట్టేసి గంటల తరబడి తీసుకెళ్తే ఊపిరితిత్తుల్లోకి నెమ్ము చేరుతుంది. అందుకే మధ్యమధ్య ఆపి, తల కిందికి వదిలి గడ్డి మేపుతాం. కొత్త నీళ్లు ముట్టకపోతే ఎలా అని ఇంటి నీళ్లే డ్రమ్ముల్లో పెడుతున్నాం.

నువ్వు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వచ్చాక మూడు వారాలు దాన్ని విడిగా ఉంచు. బకెట్టు, బ్రష్షు వేరు. రోజూ పొద్దున జ్వరం చూసి రాసిపెట్టు. నీ పూర్తి అడ్రసు, ఫోన్ నంబరు వాట్సాప్‌లో పంపు, బండికి కట్టే చీటీ మీద అందుకునేవాళ్ల వివరాలు రాయాలి. చెల్లెమ్మని అడిగానని చెప్పు, పూతరేకులు కూడా అదే బండిలో వస్తాయి. రిపోర్టు చేతికందిన పూటే ఫోన్ చేస్తాను, తారీఖు అప్పుడు ఖాయం చేసుకుందాం.

ఉంటాను రా.