రికవరీ రూమ్ సిస్టర్ గారికి

అమ్మ గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిపోయింది, ఇంటికి తెచ్చేశాం. ఫోన్లు చేసిన అందరికీ దండాలు. అన్నయ్య, వదిన, మా ఆయన ఎలాగూ ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇది ఆపరేషన్ అయ్యాక మత్తు దిగేదాకా ఉంచే రికవరీ రూమ్‌లో డ్యూటీ చేసిన సిస్టర్ గారి కోసం. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

సర్జన్ గారు బయటికొచ్చి "బాగా జరిగింది" అనగానే మా టెన్షన్ పోయింది. మత్తు దిగే గంటా రెండు గంటలు కూడా గండమేనని మాకేం తెలుసు! అమ్మకి చెవులు వినపడవు. చెవి మిషన్ ఆపరేషన్‌కి ముందే తీసి మా చేతికిచ్చారు. అది పట్టుకుని రమ్మని సిస్టర్ గారు నన్ను లోపలికి పిలిచారు. వెళ్లేసరికి అమ్మ గురక పెడుతోంది. హమ్మయ్య, హాయిగా పడుకుంది అనుకున్నా. ఆవిడ మాత్రం పక్క బెడ్ దగ్గర్నుంచి ఒక్క అంగలో వచ్చి, అమ్మ దవడ రెండు వైపులా పట్టి పైకెత్తారు. గురక ఆగింది. అప్పుడు మానిటర్‌లో చూశా, ఆక్సిజన్ 89 శాతం. మెల్లగా 97కి ఎక్కేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు. "మత్తులో నాలుక వెనక్కి జారి గాలికి అడ్డం పడుతుందండీ. మానిటర్‌లో అంకె కాస్త లేటుగా పడిపోతుంది, మాకు ముందు చెవికే తెలుస్తుంది" అన్నారు.

అమ్మ తల దగ్గర ఒక అట్టముక్క ఉంది. గ్లౌజుల డబ్బా నుంచి చింపిన ముక్క. దానిమీద పెన్నుతో ఇంతింత అక్షరాలు: "ఆపరేషన్ అయిపోయింది. మీ అమ్మాయి బయటే ఉంది. గట్టిగా ఊపిరి తీసుకోండి." నేను రాకముందు అమ్మ కళ్లు తెరిచి కంగారుపడినప్పుడల్లా అదే చూపించారట. అంతవరకూ ఏడవలేదు నేను. అక్కడ ఏడ్చేశా.

అన్ని బెడ్లకీ ఆవిడ ఒక్కరే. బిల్లులో మానిటర్‌కి విడిగా డబ్బులు రాశారు, మరి దాన్ని చూసే మనిషిని ఇంకొకర్ని పెట్టడానికి ఏమొచ్చిందో! పైగా అడ్వాన్స్ కడితేగానీ రూమ్‌కి మార్చమని కౌంటర్లో పేచీ. పోనీలెండి.

స్ట్రెచర్ తోసిన తమ్ముడికీ, రాత్రి ఛార్జర్ ఇచ్చిన పక్క రూమ్ వాళ్ల అల్లుడు గారికీ థాంక్స్.

అయ్యో, మత్తు డాక్టర్ గారిని మర్చిపోయా! ఊడే పళ్లున్నాయా అని ముందురోజే అడిగి, వాంతులు తగ్గాయో లేదో చూడ్డానికి రాత్రి మళ్లీ వచ్చారు. క్యాంటీన్‌లో వేన్నీళ్లిచ్చిన బాబాయ్‌కి కూడా.